ఊరికొక వాద్యబృందం

హిందూస్థానీ సంగీత చరిత్రను వ్రాసినవారు చాలవరకు దానిని వ్యక్తుల చరిత్రగానే వ్రాసినారు. ఒక్కొక్క ఘరానాకు ఒక మూలపురుషుడు, ఆయనకు కొడుకులు, అల్లుళ్లు, శిష్యులు, వారి కచేరీలు, వారి కలహాలు. ఇట్టి వంశవృక్షాలతోనే గ్రంథాలు నిండినవి. మైహరు ఘరానా విషయంలో ఈ అలవాటు మరీ ప్రబలమైనది. దానికి కారణం లేకపోలేదు. ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ వద్ద నేర్చినవారిని, అలీ అక్బర్ ఖాన్‌ను, అన్నపూర్ణాదేవిని, రవిశంకర్‌ను, పన్నాలాల్ ఘోష్‌ను, నిఖిల్ బెనర్జీని, తిమిర్ బరన్‌ను, ఒక్కచోట నిలిపి చూస్తే ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరదేశ వాద్యసంగీతంలో సగం అక్కడే కనిపిస్తుంది. అంతటి వెలుగులో ఆయన చేతిమీదుగానే పుట్టిన మరొక పని మసకబారిపోయినది. అది మైహరు వాద్యబృందం. జీవితచరిత్రలలో దానికి దొరికే చోటు ఒక పేరా. ఆ పేరాలో కూడ ప్రధానవిషయం తుపాకి గొట్టాలతో చేసిన వాద్యమే. ఆ వింత వస్తువును ఒకసారి చేతితో చూపి, రచయిత మళ్లీ సితారు సరోదుల వైపు సాగిపోతాడు.

ఈ ఉపేక్ష సంగీత విమర్శకు మాత్రమే చెందినది కాదు. తెలుగు రచయితలు కూడ దీనిని తమ అనుభవంలోనే గుర్తించగలరు. బుర్రకథ చెప్పిన షేక్ నాజరు పేరు తెలుగుదేశమంతటా తెలిసినది. ఆయన కిరుప్రక్కల నిలిచి గుమ్మెట వాయించి, హాస్యమూ రాజకీయమూ పలికిన వంతల పేర్లు ఎందరు చెప్పగలరు? కథకుడు ఒక్కడే నిలబడితే అది బుర్రకథ కాదు. అయినా గ్రంథం వ్రాయవలసి వచ్చినప్పుడు ఒక్కని గురించే వ్రాస్తారు. సామూహిక కళను అంచనా వేయడానికి కావలసిన భాష ఇంకా తెలుగు విమర్శకు పూర్తిగా అలవడలేదు. మైహరు వాద్యబృందం ఆ లోటును బాగుగా పరీక్షించే విషయం. అది ఒక చిన్న ఊరి వాద్యబృందం. పైగా ఏ సంగీత వంశమూ లేని పిల్లలతో పుట్టినది.

మైహరు వింధ్యప్రాంతంలోని ఒక చిన్న సంస్థానానికి రాజధాని. ఈనాడు మధ్యప్రదేశ్‌లోనిది. ఊరిప్రక్కన త్రికూటమనే కొండ, దానిమీద శారదాదేవి ఆలయం, వెయ్యికి పైబడిన మెట్లు. పల్నాటి వీరుల కథ తెలుగువారికి ఎట్టిదో, ఆల్హా ఊదల్ అనే వీరుల కథ ఆ ప్రాంతపు ప్రజలకు అట్టిది. ఆ ఆల్హా ఇప్పటికీ తెల్లవారుజామున అందరికంటె ముందు వచ్చి అమ్మవారిని పూజించి పోతాడని అక్కడివారి విశ్వాసం. అల్లావుద్దీన్ ఖాన్ 1918 ప్రాంతంలో మహారాజు బ్రిజ్‌నాథ్ సింగ్ ఆస్థానానికి వచ్చినాడు. రాజునకు సంగీతం నేర్పడం ఆయన ఉద్యోగం. అయిదుపూటలా నమాజు చేసే ఆ ముసల్మాను శారదామాతను కూడ తన తల్లిగా భావించి ఆ మెట్లెక్కేవాడన్నది ఊరివారు నేటికీ చెప్పుకొనే మాట. ఆయన ఇంటికి భార్య మదీనా బేగం పేరు. కుమార్తెకు మహారాజు పెట్టిన పేరు అన్నపూర్ణ.

అదే కాలంలో ఇన్ఫ్లుయెంజా జ్వరం దేశమంతటా పాకినది. ఒక్క భారతదేశంలోనే ఆ మహమ్మారికి కోటిమందికి పైగా బలియైనారని లెక్కలు కట్టినవారు చెప్పుతారు. మైహరు వంటి చిన్న చోట అది వదలిపోయినది అనాథలైన పిల్లలను. సంస్థానాధిపతులు అట్టి సమయాలలో చేసే ధర్మకార్యాలు తెలిసినవే: ఒక అన్నసత్రం, ఒక వస్త్రదానం, శిలాఫలకంపై ఒక శ్లోకం. మైహరులో జరిగినది వేరు. ఆ పిల్లలను చేరదీసి, వారి చేతికి వాద్యాలిచ్చి, ఒక బృందంగా కూర్చే పనిని ఆస్థాన సంగీత విద్వాంసుడు తలకెత్తుకొన్నాడు. రాజు పోషించినాడు. ఇది దయ అనవచ్చు, కాని దయ ఒక్కటే అయితే అన్నం పెట్టి వడ్రంగమో కమ్మరమో నేర్పించడం సులభం. ఉస్తాదు వారికి ఆనాడు అందరికంటె భద్రంగా దాచిన ధనాన్ని తెరచి ఇచ్చినాడు. ఆ ధనం ఎంత భద్రంగా దాచబడినదో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఆయన కథలో ఈ భాగాన్ని జీవితచరిత్రకారులు విస్తరించి వ్రాస్తారు. కాని వాద్యబృందంతో దానికిగల సంబంధాన్ని చూడరు. నేటి బంగ్లాదేశ్‌లోని బ్రాహ్మణబాడియా ప్రాంతపు శిబ్‌పూర్ అనే పల్లెలో పుట్టిన ఆ బాలుడు ఇల్లు విడిచి కలకత్తా చేరినాడు. అక్కడ పాట నేర్చినాడు. తరువాత హబూ దత్ అని ప్రసిద్ధుడైన అమృతలాల్ దత్ వద్ద అనేక వాద్యాలు పట్టినాడు. ఈ హబూ దత్ వివేకానందుని బంధువు. వంగ రంగస్థలానికి వాద్యబృందాన్ని నడిపినవాడు. లోబో అనే గోవా దేశీయుడైన బ్యాండు మాస్టరు వద్ద వయొలిన్ను పాశ్చాత్య పద్ధతిలో అభ్యసించినాడు. షెహనాయి, క్లారినెట్, ఢోలు, మృదంగం, చేతికి దొరికిన దానినెల్ల నేర్చినాడు. ఇంతవరకు ఆయన విద్యాభ్యాసం నాటకశాల ముందరి గోతిలోనూ, బ్యాండు వారి మధ్యనూ జరిగినది. అవి శాస్త్రీయ సంగీతపు పెద్దలు చిన్నచూపు చూచే చోట్లు. అక్కడ పదిమంది కలిసి వాయించడమే పని. ఒకడు అందరికంటె ముందు పరుగెత్తితే నాటకం చెడుతుంది.

తరువాత సరోదు మీద మనసు పడి రాంపూరు చేరినాడు. అక్కడ వజీర్ ఖాన్ తాన్‌సేన్ వంశపు విద్యకు వారసుడు. ఆ విద్య కుటుంబం దాటి పోకూడదన్నది ఆనాటి కట్టుబాటు. ఆయన దర్శనం దొరకక, విసిగి, నవాబు బండికి అడ్డంగా పడి ప్రాణం తీసికొంటానని అల్లావుద్దీన్ బెదిరించినాడనీ, నవాబు సిఫారసుతో శిష్యుడుగా స్వీకరింపబడినాడనీ కథ. స్వీకరించిన తరువాత కూడ చాలకాలం గురువు ఏమీ నేర్పలేదని చెప్పుతారు. ఈ కథలోని ప్రతి వివరమూ చరిత్రే కానక్కరలేదు. పరాయి ఇంటి బిడ్డకు ఆ గుమ్మం ఎంత ఎత్తైనదో చెప్పడానికి అది చాలు.

ఆ గుమ్మం దాటి వచ్చినవాడు మైహరులో చేసిన మొదటి పెద్దపని తనకు ఏమీకాని పిల్లలను పిలిచి కూర్చోబెట్టడం. వారికి వంశం లేదు. సిఫారసు చేయగల నవాబు లేడు. వాద్యబృందాన్ని ఈ దృష్టితో చూస్తే అది ఉస్తాదు జీవితంలో ఒక పక్కదారి కాదు. రాంపూరులో తాను నిలబడిన గుమ్మానికి ఆయన ఇచ్చిన సమాధానం. కలకత్తా రంగస్థలంలో నేర్చిన సామూహిక వాదనమూ, రాంపూరులో కష్టపడి సంపాదించిన రాగవిద్యా ఈ పిల్లల చేతులలోనే మొదటిసారి కలిసినవి. ఆయన చాల కఠినుడన్నదీ నిజమే. శిష్యులే ఆ మాట చెప్పినారు. కన్నకొడుకును చెట్టుకు కట్టినాడన్న కథ ప్రసిద్ధం. రవిశంకర్ ఒకసారి తిట్లు పడలేక మూట కట్టుకొన్న సంగతి కూడ తెలిసినదే. అనాథలైనంత మాత్రాన పిల్లలకు తప్పుడు స్వరం క్షమించే స్వభావం ఆయనది కాదు. జాలిపడి తక్కువ నేర్పలేదన్నది ఆయన గౌరవానికే చెల్లుతుంది. అయితే ఆ దండనను గురుభక్తి పేరుతో సమర్థించే వ్రాతలు ఇంకా వస్తూండడం విచారకరం. విద్యను పొగడడానికి దెబ్బలను పొగడనవసరం లేదు.

ఇక సంగీతం సంగతి.

బృందంలో సితారు, సరోదు, ఇస్రాజ్, వయొలిన్, చెల్లో, క్లారినెట్, హార్మోనియం, పియానో, తబలా చేరినవి. ఉస్తాదు కూర్చిన కొత్త వాద్యాలు సితార్ బాంజో, చంద్రసారంగ్, నలతరంగ్. ఈ చివరిదే తుపాకి గొట్టాల వాద్యం. ఆయుధశాలలో పాతబడిన తుపాకుల గొట్టాలను వేర్వేరు పొడవులకు కోసి, వరుసగా పరచి, పుల్లలతో మీటుతారు. తెలుగువారు ఎరిగిన జలతరంగంలో పింగాణి గిన్నెలోని నీరు శ్రుతిని నిర్ణయిస్తుంది. ఇక్కడ గొట్టపు పొడవు నిర్ణయిస్తుంది. పొట్టిది హెచ్చు స్థాయి పలుకుతుంది, పొడవైనది తగ్గు స్థాయి. నీరు ఆరిపోయినట్లు, తంత్రి సడలినట్లు ఉక్కు సడలదు. ఒకసారి సరిగా కోస్తే అది తరాల తరబడి అదే స్వరం పలుకుతుంది. ఆయుధాన్ని వాద్యంగా మార్చడంలోని కావ్యత్వాన్ని గురించి చాలమంది వ్రాసినారు. అది సులభంగా వచ్చే అలంకారం. దానికంటె ముఖ్యమైనది ఆ వాద్యం సంగీతంపై విధించే షరతు.

నలతరంగ్‌పై గమకం పలకదు. స్వరం నుండి స్వరానికి జారే మీండ్ దానికి చేతకాదు. హార్మోనియానికీ పియానోకూ అదే పరిమితి. రాగప్రాణమంతా ఆ జారుళ్లలోనే ఉన్నదని నమ్మే సంప్రదాయంలో, తీగను లాగి అయిదు స్వరాలను ఒక్క మెట్టుపై పలికించగల విద్వాంసుడు ఇట్టి వాద్యాలను కోరి చేర్చినాడంటే, తెలియక చేసినది కాదు. బృందానికి కావలసినది అందరూ పట్టుకొని నడవగల ఒక గట్టి ఆధారం. సూటియైన స్వరాలు ఆ ఆధారాన్నిచ్చినవి. దానిమీద సరోదు, ఇస్రాజ్, వయొలిన్ తమకు చేతనైనంత వంపును తెచ్చినవి. రెండూ ఏకకాలంలో వినబడినప్పుడు, ఒకే గత్ ఒకప్రక్క గంట కొట్టినట్లు తెగి పలుకుతూ, మరొకప్రక్క సాగుతూ, చెవికి ఒక కొత్త మందం తోస్తుంది. పాశ్చాత్య సింఫనీలో వేర్వేరు స్వరాలు ఒక్కసారి పలికి పొరలు పొరలుగా పేరుకొంటవి. మైహరు పద్ధతిలో స్వరం ఒక్కటే. భేదమంతా నాదపు రంగులో, స్థాయిలో, వంతులు పంచుకోవడంలో ఉన్నది. వాద్యాల పట్టిక చూచి దీనిని సింఫనీకి అనుకరణ అన్నవారు పొరబడినారు. వాద్యాలు కొన్ని పడమటివి. కూర్పు మాత్రం పదిమంది కలిసి చేసే భజనగోష్ఠికే దగ్గర.

దీని లోపాలనూ చెప్పవలసినదే. ఏకవాద్య కచేరీలో గంటసేపు విచ్చుకొనే ఆలాపన ఇక్కడ కొద్ది నిమిషాల కూర్పునకు కుదించబడినది. మనోధర్మానికి చోటు తక్కువ. రాగపు రూపురేఖలు తెలుస్తవి కాని, దాని అంతరాలలోకి పోయే తీరిక ఉండదు. ఒక్కొక్క కూర్పు ముగింపులో వేగం పెంచి చప్పట్లు రాబట్టే ధోరణి దర్బారు అతిథులను దృష్టిలో పెట్టుకొన్నదేమోననిపిస్తుంది. హేమంత్ వంటి రాగాలను సృష్టించిన ఊహాశక్తి, ఆ రాగాలను శిష్యుల ఒంటరి వాదనంలో నిలిపినంత నిండుగా బృందంలో నిలుపలేదు. ఇవన్నీ నిజమే. కాని బృందాన్ని ఏకవాద్యపు కొలతతో కొలిచి తక్కువ తేల్చడం, నాటకాన్ని ఖండకావ్యపు కొలతతో కొలిచి, ఇందులో ధ్వని తక్కువ అన్నట్లుంటుంది. వ్రాసిన స్వరపత్రాలు ఎదుట పెట్టుకోకుండ, ఇంతమంది, ఇన్ని కూర్పులను జ్ఞాపకంలో నిలిపి, ఒక్క తాళానికి కట్టుబడి వాయించినారు. ప్రక్కవాని స్వరం వినకుండ తన స్వరం పలికించడం ఆ పద్ధతిలో అసాధ్యం. ఇంట వినేవారెవరూ మిగలని పిల్లలకు ఒకరినొకరు వినడం జీవనోపాధి అయినది.

వాద్యబృందానికీ ఊరికీ గల సంబంధాన్ని తలచినప్పుడు ఇంగ్లండులోని మాంచెస్టరు ప్రసక్తి రాక మానదు. తెలుగు నేతగాండ్రకు ఆ ఊరి పేరు వేరొక కారణంగా బాగా తెలుసు. ఆ మిల్లుబట్టల ఐశ్వర్యం మీదనే 1858లో చార్లెస్ హాలే అనే జర్మను సంగీతజ్ఞుడు అక్కడ తన వాద్యబృందాన్ని స్థాపించినాడు. అది వాయించిన భవనం పేరే ఫ్రీ ట్రేడ్ హాల్. 1819లో కూలి జనంపై గుర్రపు దళం విరుచుకుపడిన పీటర్లూ మైదానమే దాని స్థలం. ఒక నగరపు పాపమూ ప్రతిష్ఠా ఒకే గోడల మధ్య చేరడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. 1940లో బాంబులు పడి ఆ భవనం కూలినది. 1943లో జాన్ బార్బిరోలీ న్యూయార్కు నుండి వచ్చి చూచేసరికి చేతికి మిగిలిన వాద్యకారులు ముప్పది మందికి అటూ ఇటూ. యుద్ధం నడుస్తున్నది, పెద్ద వాద్యకారులు దొరకరు. కొద్ది వారాలలో బడిపిల్లలనూ, వాద్యం వృత్తిగా లేనివారినీ, ఎవరు దొరికితే వారిని చేర్చి కచేరీకి నిలబెట్టినాడు. ఆ పట్టుదలను మాంచెస్టరు మరువలేదు. భవనం 1951లో మళ్లీ లేచినది. విపత్తు తరువాత, ఉన్నవారితోనే, ఉన్నచోటనే మొదలుపెట్టడంలో ఆ నగరానికీ మైహరుకూ పోలిక ఉన్నది. కాని పోలిక అంతటితో సరి. హాలే బృందానికి టిక్కెట్టు కొని వినే నగరముండెను. మైహరు బృందానికి ఒక రాజు మాత్రమే ఉండెను. ఈ భేదం తరువాతి కథనంతటినీ నిర్ణయించినది.

భారతదేశంలో వాద్యబృందం అనగానే చదువరులకు ముందు తోచేది ఆకాశవాణి వాద్యబృందం. 1952లో ఢిల్లీ కేంద్రంలో అది ఏర్పడినది. మైహరు శిష్యుడైన రవిశంకర్, దక్షిణాది పద్ధతికి టి. కె. జయరామయ్యర్ దానిని నడిపినారు. తరువాత తెలుగువాడైన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఆ పనికి వెళ్లి, మద్రాసులో సినిమా వాద్యబృందాల మధ్య సంపాదించిన అనుభవాన్ని కర్ణాటక రాగాలకు ఉపయోగించినాడు. ఏకవీణలోనే ఒక బృందమంత నాదం వినిపించగల ఆయన బృందాన్ని నడపడంలో ఔచిత్యమున్నది. మైహరులో మొలిచిన విత్తనమే ఇక్కడ ప్రభుత్వ భవనంలో నాటబడినదని చెప్పవచ్చు. ఆ వాద్యకారులు మైహరు పిల్లలకంటె నిపుణులు, కూర్పులు విస్తృతమైనవి, శ్రోతలు దేశమంతటా ఉన్నారు. కాని ఆ శ్రోతలెవరూ ఆ వాద్యకారుని వీధిలో ఎరుగరు. ఏ పెండ్లిలోనూ, ఏ తిరునాళ్లలోనూ వారు ఎదురుపడరు. గూటిలోని రేడియో నుండి వచ్చే నాదానికి దేశమున్నది, ఊరు లేదు. 2006లో ముంబాయిలో స్థాపించిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా సంగతి ఇంకా విచిత్రమైనది. ఆరంభంలో దాని వాద్యకారులలో అధికులు విదేశీయులే. పడమటి శాస్త్రీయ సంగీతాన్ని ఉత్తమంగా వినిపించడం దాని ఆశయం, అది తప్పు కాదు. అయినా మైహరు మొదలు పెట్టినది మరొక కొసనుండి: ముందు పిల్లలు వచ్చినారు, వారికి తగినట్లు వాద్యాలు వచ్చినవి, వాద్యాలకు తగినట్లు సంగీతం వచ్చినది.

తెలుగుదేశంలో బృందవాదనం లేదనుకోవడం సరికాదు. ఊరూరా ఉన్నది. అయితే అది పుట్టుకనుబట్టి పంచబడి ఉన్నది. గుడి ముందు నాదస్వరమూ డోలూ నాయీబ్రాహ్మణుల ఇళ్లవీ, కొన్నిచోట్ల ముస్లిం కుటుంబాలవీ. ఒంగోలు ప్రాంతపు కరవది నుండి బయలుదేరి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా ఆ కోవలోనివాడే. శారదాదేవి మెట్లెక్కిన ఉస్తాదును చూచి ఆశ్చర్యపడేవారు, రంగనాథుని సన్నిధిలో వాయించిన ఈ తెలుగు ముసల్మానును తలచుకొంటే ఆశ్చర్యం తగ్గుతుంది. డప్పు మాదిగవాడలది. పెండ్లి ఊరేగింపుల ముందు క్లారినెట్లు, ట్రంపెట్లు, డ్రమ్ములు పట్టి, మాసిన జరీ కోట్లు తొడుక్కొని నడిచే బ్యాండు మేళం బహుశా తెలుగు పట్టణాలకు అసలైన ప్రాంతీయ వాద్యబృందం. దానిని గురించి గంభీరమైన విమర్శ వ్రాసినవారు అరుదు. ఈ మేళాలన్నిటిలోనూ కళ ఉన్నది, సామూహిక శిక్షణ ఉన్నది. కాని ఒక మేళంలోని వాద్యం మరొక వాడ బిడ్డ చేతికి రావడం కష్టం. ఏ వాద్యం ఏ కులానిదో వాయించేవాడు పుట్టకముందే తేలిపోయి ఉంటుంది. మైహరులో ఎవరు ఏది పట్టాలన్నది గురువు చెవి తేల్చినది.

దీనికి ప్రక్కనే విజయనగరాన్ని నిలిపి చూడవచ్చు. కాలం ఒక్కటే, 1919లో విజయరామ గజపతి మహారాజు అక్కడ సంగీత కళాశాలను స్థాపించినాడు. ఆస్థానంలోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు కావడం, అతనికి సంగీతం నేర్పించాలన్న తలపే కళాశాలగా పెరగడం ఆ ఊరు చెప్పుకొనే కథ. అక్కడ అనాథలు, ఇక్కడ ఒక అంధబాలుడు; రెండుచోట్లా విద్యకు మొదటి కారణం ఒక ఆపద. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు, ద్వారం వేంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యుడు. తరువాత ఘంటసాల, సుశీల అక్కడి విద్యార్థులు. ఇంతటి ఫలితం మైహరు కళాశాలకు లేదు. కాని విజయనగరపు కీర్తి ఈ పేర్లతోనే నిలిచినది. హరికథ ఏకపాత్ర కళ. కచేరీలో వయొలిన్ ఒకరికి ప్రక్కవాద్యం, లేదా తానే ప్రధానం. ఆ ప్రతిభలు కళాశాలను వదలి మద్రాసుకో, సినిమాకో, రేడియోకో పోయినవి. పోవడంలో దోషం లేదు. మైహరు పెద్ద శిష్యులూ బొంబాయికీ, కలకత్తాకూ, కాలిఫోర్నియాకూ పోయినవారే. పోనిది మాత్రం వాద్యబృందం. ఒక్కడు సితారును చంకనబెట్టి రైలెక్కగలడు, బృందం ఎక్కలేదు. కచేరీకి పోయినా మళ్లీ ఆ ఊరికే రావాలి.

1948లో సంస్థానం వింధ్యప్రదేశ్‌లో కలిసినది. 1956లో అది మధ్యప్రదేశ్‌లో కలిసినది. రాజు పోషణ ఆగినచోట ప్రభుత్వపు పద్దు మొదలైనది. 1955లో ఉస్తాదు స్థాపించిన సంగీత కళాశాలకు అనుబంధంగా బృందం నిలిచినది; వాద్యకారులు ప్రభుత్వోద్యోగులైనారు. 1972 సెప్టెంబరులో ఉస్తాదు మరణించినాడు. ఆ తరువాత కూడ బృందం ఆగలేదు. అరగని ఆ గొట్టాలపై అవే కూర్పులు పలుకుతున్నవి. ఏటేటా ఉస్తాదు పేర సంగీతోత్సవం జరుగుతుంది. దేశపు పెద్ద విద్వాంసులు వచ్చి వాయించిపోతారు. నూరేండ్లు దాటిన ఒక ఊరి బృందం ఇంకా జీవించి ఉండడం ఈ దేశంలో అల్పవిషయం కాదు. అందుకు ప్రభుత్వాన్ని నిందించడంకంటె మెచ్చుకోవడమే న్యాయం. జీతం లేకపోతే ఆ చివరి సితార్ బాంజో ఏనాడో అటకెక్కి ఉండేది.

అయినా ఒక అనుమానం తీరదు. ఉస్తాదు బ్రతికి ఉన్నంతకాలం కొత్త కూర్పులు వచ్చినవి. కొత్త వాద్యాలు వచ్చినవి. ఆయన పోయిన తరువాత బృందం పని ప్రధానంగా కాపాడడమైనది. ఉన్నవాటిని ఉన్నట్లు అప్పగించడం గొప్ప విశ్వాసపాత్రత. కాని ఆ కూర్పులను పుట్టించినవాడు ఉన్నవాటిని ఉన్నట్లు ఉంచే స్వభావం కలవాడు కాదు. తుపాకిని వాద్యం చేసినవానికి వారసత్వమంటే తుపాకి గొట్టాలను తుడిచి పెట్టుకోవడమేనా? 1993లో వచ్చిన ‘మైహర్ రాగ్’ అనే డాక్యుమెంటరీ చిత్రం ఈ ఊరినీ, ఈ వారసత్వాన్నీ విషయంగా తీసికొన్నది. సాహిత్యంలో అట్టి ప్రయత్నం రాలేదు. ఉస్తాదు జన్మప్రాంతంలో స్థితి మరీ దుస్సహం. బ్రాహ్మణబాడియాలో ఆయన పేర ఉన్న సంగీత భవనాన్ని 2016లో ఒకసారి, 2021లో మరొకసారి అల్లరిమూకలు తగులబెట్టినవి. మైహరులో అట్టిది జరుగలేదు. ఇక్కడ ఉన్న అపాయం నిప్పుది కాదు, ఫైలుది.

ప్రభుత్వ బృందంలో ఒక స్థానం ఖాళీ అయితే ప్రకటన వేయాలి, అర్హతలు నిర్ణయించాలి, పట్టాలు చూడాలి. ఇది న్యాయమైన పద్ధతే. బంధుప్రీతిని అరికట్టే పద్ధతి కూడ. కాని 1918 నాటి అనాథలలో ఒక్కరికైనా ఏ పట్టా లేదు. ఈనాడు వారు మైహరు వీధిలో మళ్లీ కనిపిస్తే, తాము పుట్టించిన బృందంలోనే చేరడానికి దరఖాస్తు పెట్టుకొనే అర్హత వారికుండదు. చేరినవారు పదవీవిరమణ చేసేలోపల తమ చేతిలోని కూర్పులను ఎవరికి అప్పగించాలన్న ప్రశ్నకు జీతపు పట్టీలో జవాబు లేదు. స్వరపత్రాలు లేని సంగీతంలో ఒక స్థానం పదేండ్లు ఖాళీగా ఉన్నదంటే, ఆ వాద్యపు వంతు సంగీతం పదేండ్లు వినబడలేదని అర్థం. అది తిరిగి వచ్చినప్పుడు గుర్తుపట్టేవారు ఉండాలి. కళాశాల ఊరిలోనే ఉన్నది, బడి పిల్లలూ ఊరిలోనే ఉన్నారు. సాయంకాలం ఒక గంట వారిలో పదిమందిని నలతరంగ్ ముందు కూర్చోబెట్టడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు. వాయించే ఉద్యోగులకు ఆ గంటను కూడ వారి పనిగంటలలో లెక్కించే ఒక ఉత్తరువు కావాలి.